తెల్ల కాగితం మీద రాసుకున్న వీలునామా చెల్లుతుంది, సాక్షుల దగ్గరే జాగ్రత్త

మీ ప్రశ్నలో నాకు అర్థమైనది ముందు చెబుతాను. మీకు అరవై నాలుగేళ్లు. మీ పేరున ఒక ఇల్లు, ఊళ్లో మీ నాన్నగారి వైపు నుంచి వచ్చిన ఎకరంన్నర పొలం, బ్యాంకులో కొన్ని ఎఫ్‌డీలు ఉన్నాయి. భార్య, ఒక కొడుకు, ఒక కూతురు. ఇంట్లో గొడవలేమీ లేవు. వీలునామా రాయించుకుందామని వెళ్తే అక్కడ చెప్పిన ఫీజు విని వెనక్కి వచ్చేశారు. నేనే రాసుకుంటే చెల్లుతుందా, స్టాంపు పేపరు కావాలా, రిజిస్ట్రేషన్ తప్పదా, అన్నిటికీ నామినీని పెట్టాక ఇంకా విల్లు దేనికి అని అడిగారు.

ఇరవై ఏడేళ్లుగా సివిల్ కోర్టుల చుట్టూ తిరుగుతున్నాను. నేను రాసిన వీలునామాల కన్నా, ఎవరో రాసిన వీలునామాల మీద కొట్లాడిన కేసులే ఎక్కువ. కాబట్టి రాసేవాడి వైపు నుంచి కాకుండా, రేపు దాన్ని కోర్టులో ఎదుటి వకీలు ఎలా చదువుతాడన్న వైపు నుంచి చెబుతాను. మీరు హిందువులని అనుకుని రాస్తున్నాను. ముస్లింలకు లెక్క వేరు, చివర్లో రెండు మాటలు చెబుతాను.

మీరే రాసుకోవచ్చు. స్టాంపు పేపరు అక్కర్లేదు, వీలునామాకు స్టాంపు డ్యూటీ అన్నదే లేదు. మామూలు తెల్ల కాగితం చాలు. చేత్తో రాసినా, కంప్యూటర్లో టైపు చేసి ప్రింటు తీసినా ఒకటే. తెలుగులో రాయండి. 'ఇందుమూలముగా', 'సర్వహక్కు భుక్తములతో' లాంటి మాటలు ఉంటేనే చెల్లుతుందనుకోవద్దు. 1925 నాటి భారత వారసత్వ చట్టమే సాంకేతిక పదాలు వాడనక్కర్లేదని చెబుతోంది, రాసినవాడి ఉద్దేశం తెలిస్తే చాలు. నోటరీ ముద్ర కూడా అవసరం లేదు. నోటరీ చేయించాం కదా అని సాక్షులు లేకుండా వదిలేసిన కాగితాలు చూశాను. అవి ఎందుకూ పనికిరాలేదు.

చట్టం అడిగేది సెక్షన్ 63లో ఉంది, చాలా కొంచెమే. మీరు సంతకం గానీ వేలిముద్ర గానీ వేయాలి. కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి. మీరు సంతకం పెడుతుంటే వాళ్లు చూడాలి, లేదా 'ఈ సంతకం నాదే' అని మీరు వాళ్లకు చెప్పాలి. ఆ ఇద్దరూ మీ ఎదుట సంతకాలు పెట్టాలి. ఇద్దరూ ఒకేసారి ఉండి తీరాలని చట్టం అనదు గానీ, దయచేసి ఒకేసారి కూర్చోబెట్టండి. వీలునామాలో ఏముందో సాక్షులు చదవాల్సిన పని లేదు. వాళ్లు సాక్ష్యం చెప్పేది మీ సంతకానికి, మీ పంపకాలకు కాదు.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. వీలునామాకు ఒక విచిత్రం ఉంది. అది పనిలోకి వచ్చే రోజుకి రాసినవాడు ఉండడు. 'ఇది నేనే రాశాను, తెలిసే రాశాను' అని చెప్పడానికి బోనెక్కేది సాక్షి. సాక్షుల్లో ఒక్కరైనా బతికి ఉండి, కోర్టుకు రాగల స్థితిలో ఉంటే, వాళ్లలో ఒకరిని పిలిపించి చెప్పించకుండా వీలునామా రుజువైనట్టు కాదు. వచ్చిన ఆ ఒక్కరే, మీ సంతకం తాను చూశానని, తానూ రెండో సాక్షీ మీ ఎదుట సంతకాలు పెట్టామని మొత్తం చెప్పగలగాలి. 'నేను పెట్టాను, రెండో ఆయన ఎప్పుడు పెట్టాడో నాకు తెలియదు' అన్నాడంటే కేసు అక్కడే నీరుగారిపోతుంది. ఒకేసారి కూర్చోబెట్టమన్నది అందుకే.

నాకు తెలిసిన ఒక కేసులో పెద్దాయన వీలునామా చక్కగా రాయించుకున్నాడు, రిజిస్టరు కూడా చేయించాడు. సాక్షులు మాత్రం ఆ వేళ ఆఫీసు బయట దొరికిన ఇద్దరు. ఒకతను దస్తావేజు రాసినాయన దగ్గర పనిచేసే కుర్రాడు, ఇంకొకతను వేరే పని మీద వచ్చినవాడు. పదకొండేళ్ల తర్వాత పెద్దాయన పోయాడు. కుర్రాడు ఏ ఊరు వెళ్లాడో ఎవరికీ తెలియదు. రెండో ఆయన దొరికాడు గానీ, 'సంతకం నాదే, ఆయన ముఖం మాత్రం గుర్తులేదు' అన్నాడు. ఎంతో ఫీజు పోసి రాయించిన కాగితం కోసం ఆ కుటుంబం ఆరేళ్లు తిరిగింది.

కాబట్టి సాక్షులు మీకన్నా చిన్నవాళ్లు కావాలి, మిమ్మల్ని బాగా ఎరిగినవాళ్లు కావాలి, పదేళ్ల తర్వాత కూడా ఎక్కడుంటారో తెలిసేవాళ్లయితే మరీ మంచిది. మీ ఈడు స్నేహితుడిని పెట్టుకోవద్దు. మొహమాటం లేకుండా చెబుతున్నాను, ఆయన మీకన్నా ముందే వెళ్లిపోవచ్చు. చిన్న వయసు పొరుగింటి టీచరు, మీ ఫ్యామిలీ డాక్టరు, పాత ఆఫీసులో మీ తర్వాత చేరిన సహోద్యోగి, ఇలాంటివాళ్లు బాగుంటారు. ఆస్తిలో వాటా వచ్చేవాళ్లను గానీ, వాళ్ల భార్యాభర్తలను గానీ సాక్షులుగా పెట్టొద్దు. క్రైస్తవులు, పార్శీల విషయంలో అలా పెడితే ఆ సాక్షికి రాసిన వాటా చెల్లదని చట్టమే చెబుతుంది. హిందువులకు ఆ నియమం వర్తించదు గానీ, అనుమానం మాత్రం వర్తిస్తుంది.

అనుమానం అన్న మాటకు మన కోర్టుల్లో చాలా బరువుంది. 1959లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రాన్ని ఇప్పటికీ ప్రతి వీలునామా కేసులో చదువుతాం. వీలునామా చుట్టూ అనుమానించదగ్గ పరిస్థితులుంటే, వాటిని తొలగించాల్సిన బాధ్యత వీలునామా పట్టుకొచ్చినవాడిదే. వణికిన సంతకం, ఆస్పత్రిలో చేరాక రాసిన తేదీ, లాభపడే కొడుకే దగ్గరుండి రాయించడం, భార్యకో కూతురికో కారణం చెప్పకుండా ఏమీ ఇవ్వకపోవడం, ఇవన్నీ అందులోకి వస్తాయి. మీకు ఇప్పుడు ఒంట్లో బాగానే ఉంది కాబట్టి ఇప్పుడే రాయండి. డెబ్బై అయిదు దాటాక రాసేవాళ్లకైతే, అదే రోజు తేదీతో 'స్పృహలో ఉన్నారు, మాటలు అర్థం చేసుకుంటున్నారు' అని డాక్టరు చేత ఒక చీటీ రాయించి జతచేయమంటాను. ఎవరికైనా తక్కువ ఇస్తుంటే ఎందుకో ఒక్క వాక్యం రాయండి. 'మా అమ్మాయికి పెళ్లప్పుడు ఫలానా స్థలం ఇచ్చాను కనుక' అని ఉంటే చాలు. తిట్లు రాయొద్దు. కొడుకు మీద నాలుగు పేజీల ఫిర్యాదు రాసిన వీలునామాను కోపంలో రాసిందని వాదించడం ఎంత తేలికో నాకు తెలుసు, నేనే వాదించాను.

నామినీ సంగతి. నామినీ అంటే వారసుడు కాదు. మీ ఎఫ్‌డీకి అబ్బాయిని నామినీగా పెట్టారనుకోండి. మీ తర్వాత బ్యాంకు డబ్బు అతని చేతికి ఇచ్చి తన బాధ్యత తీర్చుకుంటుంది. ఆ డబ్బు ఎవరిదన్నది వీలునామా ఉంటే దాన్ని బట్టి, లేకపోతే వారసత్వ చట్టాన్ని బట్టి తేలుతుంది. 1984లో శర్బతీ దేవి కేసులో బీమా పాలసీ గురించి, 2023లో శక్తి యజ్దానీ కేసులో షేర్ల గురించి సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, భార్య లేక భర్త, పిల్లలు నామినీలైతే డబ్బు వాళ్లదే అవుతుంది. నామినేషన్లు తీసేయమనడం లేదు, డబ్బు త్వరగా చేతికి రావడానికి అవి ఉండాల్సిందే. వీలునామాలో రాసేదీ నామినేషన్‌లో ఉన్నదీ ఒకేలా ఉండేట్టు చూసుకోండి, పిల్లల మధ్య సగం తగువులు అక్కడే ఆగిపోతాయి.

వీలునామా లేకపోతే ఏమవుతుందంటే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ సొంత ఆస్తి మీ భార్య, కొడుకు, కూతురు, మీ అమ్మగారు ఉంటే ఆవిడ, అందరికీ సమానంగా వెళ్తుంది. అవును, తల్లికి కూడా వాటా ఉంది, తండ్రికి ఆ వరసలో లేదు. మీరు అనుకునేదీ ఈ సమాన పంపకమే అయితే, వీలునామా లేకపోయినా పెద్ద నష్టమేమీ లేదు. ఈ మాట వకీళ్లు చెప్పరు. 'ఇల్లు మా ఆవిడకే, పిల్లలకు ఆ తర్వాత' అని మీ మనసులో ఉంటే మాత్రం రాయక తప్పదు.

అసలు ఈ ఇల్లు, భార్య అన్న చోట కాసేపు ఆగాలి. మనవాళ్లలో నూటికి తొంభై మంది రాయమనేది ఇలా ఉంటుంది: 'నా తర్వాత నా భార్య బతికినన్నాళ్లు అనుభవించాలి, అమ్మే హక్కు లేదు, ఆమె తర్వాత నా కొడుక్కి చెందాలి.' వినడానికి న్యాయంగానే ఉంటుంది. కోర్టుల్లో మాత్రం దీనంత పేచీ పెట్టే వాక్యం ఇంకొకటి లేదు. హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 14 ప్రకారం, స్త్రీకి ఉన్న మనోవర్తి హక్కుకు బదులుగా ఇచ్చిన పరిమిత హక్కు పూర్తి హక్కుగా మారుతుంది. 1977లో తులశమ్మ కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమరిచి చెప్పింది. ఆ కేసు మన ఆంధ్రదే. వీలునామాలో ఇచ్చిన జీవితకాల హక్కు ఎప్పుడు మారుతుంది, ఎప్పుడు మారదు అన్నదాని మీద ఆ తర్వాత తీర్పులు ఒక దారిన రాలేదు. మీరు ఇల్లు కొడుక్కే చేరుతుందనుకుంటారు, ఆవిడ పూర్తి హక్కుదారై ఇంకొకరికి రాసేయవచ్చు. లేదా ఆవిడకు వైద్యానికి డబ్బు అవసరమై ఇల్లు అమ్మబోతే, కొన్నవాడు ఈ వాక్యం చూసి పారిపోతాడు.

నా సలహా అడిగితే, ఆవిడ మీద నమ్మకముంటే ఇల్లు పూర్తి హక్కులతో ఆవిడకే రాయండి. ఆవిడ చేత విడిగా ఒక వీలునామా రాయించండి. భార్యాభర్తలిద్దరూ కలిసి ఒకే కాగితం మీద రాసుకోవద్దు, ఒకరు పోయాక రెండోవారు మార్చుకోవచ్చా లేదా అని కొత్త చిక్కు మొదలవుతుంది. అలా కాదు, పిల్లలకే రాసి ఆవిడకు ఉండే హక్కు పెడతాను అంటే, ఆ ఒక్క పేరా వకీలు చేత రాయించండి.

ఎకరంన్నర సంగతి ఇంకొకటి. 'నాన్నగారి వైపు నుంచి వచ్చింది' అని ఒక్క మాటలో రాశారు, దానికి రెండు అర్థాలున్నాయి. మీ నాన్నగారు తన సొమ్ముతో కొన్నది, ఆయన వీలునామా లేకుండా పోయాక మీ వాటాగా వచ్చినదైతే, అది మీ సొంతం కిందే లెక్క, మీ ఇష్టం వచ్చినట్టు రాసుకోవచ్చు. తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో పంపకాలు జరిగి మీకు వచ్చినదైతే, అందులో మీ అబ్బాయికీ అమ్మాయికీ పుట్టుకతోనే హక్కు ఉంటుంది. కూతురికీ సమానమేనని 2005 సవరణ చెప్పింది, 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనైతే 1986లోనే పెళ్లికాని కూతుళ్ల కోసం ఈ చట్టం వచ్చింది. అలాంటి భూమిలో మీరు మీ వాటా వరకే వీలునామా రాయగలరు. మొత్తం కొడుక్కి రాసేస్తే, మీది కానిదాన్ని రాసినట్టే.

ఫీజు విషయంలో మా వాళ్లు తిట్టుకున్నా సరే, ఒక చిట్కా చెబుతాను. 'వీలునామా రాసి పెట్టండి' అని వెళ్తే ఒక రేటు. 'నేనే రాశాను, ఈ పొలం విషయం, ఈ పేరా ఒక్కసారి చూసి చెప్పండి' అని కాగితాలు పట్టుకెళ్తే కన్సల్టేషన్ ఫీజుతో పోతుంది. మీ శ్రీమతి గారి వీలునామా గురించైతే ఆ ఖర్చూ ఉండకపోవచ్చు. 1987 న్యాయసేవల అధికార సంస్థల చట్టం కింద ఆదాయంతో పనిలేకుండా మహిళలు ఉచిత న్యాయసహాయానికి అర్హులు. ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు కూడా అంతే. జిల్లా కోర్టు ఆవరణలో ఆ ఆఫీసు ఉంటుంది, 15100కు ఫోన్ చేసినా చెబుతారు.

రాసేటప్పుడు మొదటి పేరా ఇలా ఉంటే సరిపోతుంది: 'నేను, ఫలానా వారి కుమారుడు ఫలానా, వయసు 64, ఫలానా చోట నివాసం, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాసుకుంటున్నాను. ఇదే నా చివరి వీలునామా. ఇంతకుముందు రాసినవి ఏవైనా ఉంటే రద్దు చేస్తున్నాను. ఇది నా మరణం తర్వాతే అమల్లోకి వస్తుంది.' చివరి వాక్యం వదిలేయకండి. 'ఈ రోజు నుంచే నీకు హక్కు' అన్న అర్థం వస్తే అది వీలునామా కాదు, దాన సెటిల్‌మెంటు అయిపోతుందని వాదిస్తారు. ఈ మధ్య చాలామంది 'విల్లు ఎందుకండీ, ఇప్పుడే గిఫ్ట్ రాసేయండి' అని సలహా ఇస్తున్నారు. గిఫ్ట్ ఇచ్చాక ఇల్లు మీది కాదు. వీలునామాను మీరు బతికి ఉన్నంతకాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు.

తర్వాత భార్యా పిల్లల పేర్లన్నీ రాయండి, ఏమీ ఇవ్వని వాళ్లవి కూడా. మరచిపోలేదు, తెలిసే ఇలా చేశానని అర్థమవుతుంది. ఇంటికి డోరు నంబరు, గజాలు, నాలుగు హద్దులు, మీరు కొన్న దస్తావేజు నంబరు, సంవత్సరం. పొలానికి సర్వే నంబరు, విస్తీర్ణం. ఎఫ్‌డీలకు మాత్రం నంబర్లు రాయొద్దు, అవి ఏటేటా మారుతుంటాయి. 'ఫలానా బ్యాంకులో నా పేరున ఉన్న డిపాజిట్లన్నీ' అనండి. ప్రత్యేకించి పేరు పెట్టి రాసిన ఆస్తిని మీరే తర్వాత అమ్మేస్తే ఆ వాటా పోయినట్టే, దాని బదులు ఇంకొకటి ఇవ్వరు. అందుకే ఆఖర్న ఈ వాక్యం తప్పనిసరి: 'పైన చెప్పనివి, ఇకముందు నాకు రాబోయేవి ఏమున్నా అవి ఫలానా వారికి చెందాలి.' వాటా పొందేవాళ్లు మీకన్నా ముందే పోతే ఎవరికి వెళ్లాలో కూడా రాయండి. ఒక ఎగ్జిక్యూటర్ పేరు పెట్టండి, అంటే మీ తర్వాత ఈ పనులన్నీ చేసే మనిషి. వాటా ఉన్న మీ అమ్మాయి అయినా ఫరవాలేదు.

ప్రతి పేజీ మీద సంతకం, తేదీ. సాక్షుల పూర్తి పేరు, తండ్రి పేరు, చిరునామా. సాక్షుల సంతకాల పైన ఇలా రాయండి: 'ఈ వీలునామా మీద ఫలానా వారు మా ఇద్దరి ఎదుట సంతకం చేశారు. ఆయన ఎదుట మేమిద్దరం సాక్షి సంతకాలు చేశాము.' రాశాక కొట్టివేతలు పెట్టొద్దు. మార్పు చేసిన ప్రతిచోటా మళ్లీ మీ సంతకం, సాక్షుల సంతకాలు ఉండాలి, లేకపోతే ఆ మార్పు చెల్లదు. అంతకన్నా కొత్తది రాసుకోవడమే నయం. ఫోన్‌లో వీడియో తీసి పెడితే మంచిదే, కానీ వీడియో వీలునామా కాదు. వాట్సాప్‌లో పంపినదీ, ఆధార్‌తో ఈ-సైన్ చేసినదీ కాదు. 2000 నాటి ఐటీ చట్టం వీలునామాను తన పరిధిలోంచే తప్పించింది.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయిస్తే మంచిదే. ఫీజు సేల్ డీడ్‌లా ఆస్తి విలువలో శాతం కాదు, కొద్ది మొత్తమే. మీ సందేహమల్లా పిల్లలకు తెలిసిపోతుందని అయితే, వీలునామాలను 3వ నంబరు పుస్తకంలో నమోదు చేస్తారు, ఈసీలో, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే సర్టిఫికెట్లో కనిపించవు. మీరు బతికి ఉండగా మీకు గానీ మీ ఏజెంటుకు గానీ తప్ప నకలు ఇవ్వరు. రిజిస్టరు చేయకుండా కవరులో సీలు వేసి జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాచుకునే వీలు కూడా చట్టంలో ఉంది, ఎందుకో మనవాళ్లు వాడుకోరు. అయితే రిజిస్టరైతే ఇక తిరుగులేదనుకోవద్దు. సాక్షి చెప్పాల్సింది అప్పుడూ చెప్పాలి. రిజిస్టరైన దాని తర్వాత తెల్ల కాగితం మీద సరిగ్గా రాసినది ఉంటే, తర్వాతదే చెల్లుతుంది.

మన రెండు రాష్ట్రాల్లోని ఆస్తికి హిందువులు ఇక్కడ రాసుకున్న వీలునామాకు ప్రొబేట్, అంటే ఇది అసలైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ, తప్పనిసరి కాదు, ఆ టెన్షన్ వదిలేయండి. ముస్లిం సోదరులకు చెప్పాల్సిందేమంటే, అప్పులూ ఖర్చులూ పోగా మిగిలినదాంట్లో మూడో వంతుకు మించి మిగతా వారసుల ఒప్పుదల లేకుండా రాయలేరు. సున్నీల్లోని హనఫీ పద్ధతిలో వారసుడికే రాసినా మిగతావాళ్లు ఒప్పుకోవాలి. ఇది చదివేవాళ్లలో పిల్లలు లేని హిందూ ఆడవాళ్లు ఎవరైనా ఉంటే, మీరు ఈ వారమే రాసుకోండి. భర్త పోయాక, పిల్లలు లేకుండా, వీలునామా రాయకుండా మీరు పోతే, మీరు సంపాదించినది మీ అమ్మానాన్నల కన్నా ముందు మీ భర్త వారసులకు వెళ్తుంది. చట్టం అలాగే ఉంది.

మీరు మాత్రం ముందు బీరువాలోంచి ఆ పొలం కాగితాలు తీయండి. పారీఖత్తు గానీ, భాగపరిష్కార దస్తావేజు గానీ, అంటే పంపకాల కాగితం ఏదైనా కనిపిస్తే, దాని జిరాక్సుతో ఒక అరగంట వకీలు దగ్గర కూర్చోండి. కనిపించకపోతే, పొలం మీ నాన్నగారి పేరుకు ఎలా వచ్చిందో పాత ఈసీ తీయించి ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.